ముప్పై మూడు అంగుళాలు

సోమవారం ఉదయం హరిబాబు అక్వేరియం దుకాణంలో సొరచేప గంజికుండ మింగింది. అంటే నిజంగా మింగలేదు, వేట మానేసి అక్కడ పనికి కుదిరిన సూరయ్య చెప్పడంలో మింగింది.

ఆరడుగుల తొట్టెలోకి కుడిచెయ్యి భుజం దాకా ముంచి, రబ్బరు గొట్టంతో అడుగున పేరుకున్న మడ్డి లాగుతూ, ఎడంచేత్తో ఆ సొర నోరు ఎంత వెడల్పో చూపిస్తున్నాడు. పక్క కొట్లో టైలరు ఎల్లాజీ కుట్టుమిషను వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"మూడ్రోజులు పోయాక అదే సొర మళ్లీ మా వల్లోనే పడ్డాది. కడుపు కోసి సూద్దుం గదా, కుండ కుండలాగే ఉన్నాది. మూత తీస్తే గంజి ఇంకా ఏడిగా ఉన్నాది."

"అందులో ఉప్పేసినావేటి మావా?"

"ఏల ఎయ్యాల? సముద్రంలో సొరకి ఉప్పుకి కరువేటి?"

ఎల్లాజీ గుమ్మం పట్టుకుని నవ్వాడు. గల్లా దగ్గర హరిబాబూ నవ్వాడు. నరసన్నపేటలో సూరయ్య మాట నమ్మే ప్రాణి ఒక్కటీ లేదు. అందుకు సూరయ్య ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు సరిగదా, ఏ రోజైనా ఎవడైనా పొరపాటున నమ్మేస్తే ఆ రోజు తనకి కథ సరిగా కుదరలేదనుకునేవాడు.

ఆ నవ్వులోనే గణపతిరావుగారి కారు వచ్చి ఆగింది. ఆయనకి రైసుమిల్లు ఉంది. హరిబాబు దుకాణమూ, ఎల్లాజీ కొట్టూ ఉన్న కాంప్లెక్సు కూడా ఆయనదే. అందుకని ఎల్లాజీ నవ్వు సగంలో మింగి పక్కకి తప్పుకున్నాడు, హరిబాబు కుర్చీలోంచి లేచాడు. గణపతిరావు వెనక ఆయన కూతురు అర్చన, పన్నెండు పదమూడేళ్ల పిల్ల, దిగింది.

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"కొత్తింట్లో ఈశాన్యం గోడకి గూడు కట్టించేను హరిబాబూ. సిద్ధాంతిగారు ఆయం చూసి ఇచ్చిన కొలత. ముప్పై మూడు అంగుళాలు. అందులో వెంట్రుకవాసి తేడా రాకుండా పట్టే తొట్టె కావాలి. తొమ్మిది చేపలు. ఎనిమిది పసుపు, ఒకటి నలుపు. వచ్చే సోమవారం వ్రతం పెట్టుకున్నాం. ఈయేళే పెట్టించెయ్యి."

అర్చన అప్పటికే ఆరడుగుల తొట్టె అద్దానికి ముక్కు ఆనించేసింది. లోపల పేర్చిన రాళ్ల సందుల్లోంచి పసుపుకొమ్ముల్లాంటి చేపలు వస్తున్నాయి, పోతున్నాయి.

"నాన్నా, నేను ఫోన్లో చూపించినవి ఇవే! ఆఫ్రికన్ సిక్లిడ్లు."

"అవునమ్మా, కలకత్తా నుంచి తెప్పించాను," అన్నాడు హరిబాబు. తరవాత గొంతు తగ్గించి, "వీటికి ఓ నాలుగడుగుల తొట్టె ఉంటే బాగుంటుందండీ," అన్నాడు.

"గూడు ముప్పై మూడయ్యా. గోడ పగలగొట్టమంటావా?"

"అబ్బే, అబ్బే."

సూరయ్య తొట్టెలోంచి చెయ్యి తీశాడు. ఆ తడిచేతినే బల్ల మీద మోచేతి దగ్గర్నించి వేలికొస దాకా ఆనించాడు, మళ్లీ ముందుకి జరిపాడు, చివర నాలుగు వేళ్లు మడిచాడు.

"రెండు మూరలకి నాలుగేళ్లు తక్కువ. ఈటికి సాలదు బాబూ. ఇది ఊరికే తిరిగే సేప కాదు. ఓ రాయి పక్కన జాగా పట్టుకుంటాది, ఇది నాదంటాది, ఇంకోటొస్తే తరుముతాది. ఇక్కడ ఆరడుగులున్నాది గనక తరిమినా రాళ్లెనక్కి పోయి దాక్కుంటన్నాయి. తొట్టి ఎంతుండాలంటారా, తరిమినోడి కళ్లబడకుండా తప్పుకోడానికి సోటుండాల. అదే కొలత, మరింకో కొలత నేదు."

గణపతిరావు చిరునవ్వుతో వింటున్నాడు. ఈ ముసిలోడి సంగతి ఆయనా విన్నదే.

"అల్లదిగో, ఆ నల్లది. దాన్ని మేం దొర అంటాం. దానికి ఆరడుగులే ఇరుకు. దాన్ని కలపకండి. ఆ మూలనున్న పసుపుదాన్నీ ఒగ్గీండి బాబూ. దాని నోట్లో పిల్లలున్నాయి."

గాలి మోటారు బుడగల చప్పుడు వినబడింది.

"గంజి కూడా ఉందేమో సూడు మావా!" అన్నాడు ఎల్లాజీ బయట్నించి.

ఇక నవ్వు ఆగలేదు. గణపతిరావుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ పిల్ల పొట్ట పట్టుకుంది. హరిబాబు కూడా, నిజం తెలిసినవాడు, గణపతిరావు నవ్వుతున్నాడు గనక నవ్వాడు.

"నిజం బాబూ. గుడ్లు పెట్టి నోట్లో పెట్టుకుంటాది. పన్నెండ్రోజులై మెతుకు ముట్టనేదు. ఆ దవడ సూడండి, ఎలగుబ్బిందో..."

అతను చెప్పినకొద్దీ నవ్వు పెరిగింది. "ఈ ముసిలోణ్ని టీవీలో పెట్టాలయ్యా," అన్నాడు గణపతిరావు.

"సూరయ్యా, కవర్లు తే," అన్నాడు హరిబాబు.

సూరయ్య చేతివల పుచ్చుకుని ఏడు పసుపు చేపల్ని పట్టాడు. దొరని పట్టాడు. తల్లిచేప జోలికి పోకుండా వల ఇటు తిప్పుతుంటే అర్చన అద్దం మీద వేలు పెట్టింది.

"అది తాతా, అది. బుగ్గలు ఉబ్బి ఎంత ముద్దుగా ఉందో."

*

కొత్తింటి హాల్లో గూడు చక్కగా కుదిరింది. మూడువైపులా గోడ, ముందువైపు అద్దం. తొట్టె అందులోకి జారుతుంటే సందు లేక కీచుమంది. రాళ్లు ఎక్కువైతే చేపలు కనబడవని గణపతిరావు రెండు రాళ్లే వెయ్యమన్నాడు. సూరయ్య నీళ్లు పోసి, కుళాయి నీళ్లలో బ్లీచింగు విరగడానికి మందుచుక్కలు లెక్కపెట్టి వేసి, కవర్లని నీళ్ల మీద అరగంట తేలించి, అప్పుడు విప్పాడు. దొర బయటికొచ్చి ఆ చివర్నించి ఈ చివరికి ఒకసారి పోయివచ్చింది. అంతే, కొలత దానికి తెలిసిపోయింది.

బుధవారం పొద్దున్నే ఫోను. ఒకటి పోయింది, వెంటనే తొమ్మిదోదాన్ని పంపమని.

సూరయ్య వెళ్లేసరికి గణపతిరావు భార్య అనూరాధ చచ్చిన చేపని అరటాకు ముక్కలో పెట్టి, పసుపూ కుంకుమా జల్లి ఉంచింది. మొహం తేటగా ఉంది.

"గృహప్రవేశానికి ఎంతమంది కళ్లు పడ్డాయో సూరయ్యా. ఆ కీడంతా ఇది పట్టుకుపోయింది. పారే నీళ్లలో వదిలెయ్యి."

సూరయ్య అరటాకు అందుకుని చూశాడు. తోక లేదు. వీపు మీద పొలుసులు లేచిపోయి చర్మం తెల్లగా కనబడుతోంది. ఒక కన్ను లేదు.

"దిష్టి తగిల్తే తోక ఎవులు కొరుకుతారమ్మా?"

"నీ మాటలు తరవాత. ఎనిమిది ఉండకూడదు. ముందు తొమ్మిదోది వెయ్యి."

వేశాడు. కవరులోంచి కొత్త చేప పూర్తిగా బయటికి రాకముందే దొర వచ్చి కొట్టింది. నీళ్లలో ఒక పొలుసు ఎండలో మెరుస్తూ తిరిగి తిరిగి కిందికి దిగింది. మిగతావన్నీ పైన కుడిమూలకి చేరి, ఒకదానిమీదొకటి ఒదిగి, బస్సులో వేళ్లాడే జనంలా ఉన్నాయి. తల్లిచేప వాటిలో కూడా లేదు. ఫిల్టరు గొట్టానికీ గోడకీ మధ్యనున్న వేలెడు సందులో తల పైకెత్తి నిటారుగా నిలబడి ఉంది. నోరు బిగించి ఉంది.

అర్చన స్కూలు బ్యాగు తగిలించుకుని పక్కకొచ్చి నిలబడింది.

"పాపా, మీ నాన్నగారికి సెప్పు. ఈ ఒక్కదాన్నీ నేను పట్టుకుపోతాను. వ్రతం అయిపోనాక మళ్లీ తెస్తాను. దీని బదులు ఇంకోటి ఏసీస్తాను, తొమ్మిదికి లోటు రాదు."

"మధ్యలో బయటికి తీస్తే లక్ష్మి వెళ్లిపోయినట్టట. మామ్మ చెప్పింది." కాసేపు చూసి, "నిజంగా నోట్లో పిల్లలుంటాయా తాతా?" అంది.

"ఉంటాయి తల్లీ."

"సొరచేప కడుపులో గంజిలాగా?"

సూరయ్య ఆ పిల్ల వైపు తిరిగాడు.

"అది నవ్వడానికి సెప్పింది. ఇది ఏరే."

"తేడా ఎలా తెలుస్తుంది మరి?"

ఇన్నేళ్లలో అతన్ని ఈ మాట ఎవరూ అడగలేదు. సూరయ్య వల పిండాడు, మళ్లీ పిండాడు. ఆటో హారను మోగితే ఆ పిల్ల పరుగెత్తింది.

*

గురువారం రెండు. శుక్రవారం రెండు. శనివారం ఇంకో రెండు. బదులు వేసినవీ వేసినట్టే పోయాయి. అప్పటికి ఆ ఇంట్లో అరటాకులూ లేవు, పసుపు కుంకుమా లేదు, చచ్చినవాటిని పాలిథిన్ కవరులో వేసి గేటు బయట పెట్టారు. మొదటి చేప కీడుని పట్టుకుపోయింది సరే, ఏడోది ఏం పట్టుకుపోతున్నట్టు? సిద్ధాంతిగారికి ఫోను చేస్తే కొలతలో దోషం లేదు, ఏదో చెయ్యి పడలేదన్నారట.

ఏ చెయ్యో వెతుక్కోవడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు.

"జీవితమంతా చేపల్ని చంపిన చెయ్యి," అంది అనూరాధ, సూరయ్య వింటుండగానే. "ఆ చేత్తో వేస్తే బతుకుతాయా?"

ఆదివారం మధ్యాహ్నం హరిబాబు షట్టరు సగానికి దించి సూరయ్యని లోపలికి పిలిచాడు. బల్ల మీద మేత డబ్బాలు ఒకటి తీసి ఒకటి పెడుతున్నాడు, సర్దినవే మళ్లీ సర్దుతున్నాడు.

"రేపు వ్రతం. విజయనగరం నుంచి చుట్టాలంతా వస్తున్నారు. తొట్టెలో రెండే మిగిలాయి. చేపలకి రోగమా, గూడు దోషమా తేల్చమంటున్నారు గణపతిరావుగారు. చేపలకి రోగమంటే నేను దుకాణం మూసుకోవాలి. గూడు చిన్నదంటే దుకాణం ఖాళీ చెయ్యాలి."

"తొట్టి సాలదని మొదట అన్నది నువ్వే గదా సావుకారు బాబూ."

"అన్నాను. మెల్లిగా అన్నాను." డబ్బా కింద పెట్టాడు. "నువ్వొక్క మాట చెప్పాలి సూరయ్యా. కుళాయి నీళ్లలో మందు వెయ్యడం మర్చిపోయానని. అంతే. ముసిలోడివి, మర్చిపోయానంటే నిన్నెవరేమంటారు? నీ పనికి ఢోకా లేదు. పూచీ నాది."

"నేను మరిసిపోనేదు. సుక్కలు లెక్కెట్టి ఏసినాను."

"తెలుసు."

"మరేటి?"

"ఒక్క అబద్ధం. నీకేటి కొత్తా?"

సూరయ్య ఆరడుగుల తొట్టె వైపు తిరిగాడు. అద్దం మీద పాచి చుక్క ఒకటి కనబడింది. బ్లేడు తీసుకుని గీకాడు. గీకుతూ, "నవ్వడానికి సెప్పింది అబద్ధం కాదు బాబూ," అన్నాడు. హరిబాబు వినలేదో, విన్నా విననట్టున్నాడో, షట్టరు పైకెత్తేశాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి పెళ్లాం కన్యాకుమారి ఇసకలో పరిచిన వల మీంచి ఎండు సావిడి చేపలు ఏరి బుట్టలో వేస్తోంది. పాత బోటు ఐసుపెట్టె, రంగు పోయిన పెద్ద ఫైబరు పెట్టె, బోర్లించి దాని మీద కూచుంది. సూరయ్య ఇసకలో కూలబడి సంగతి చెప్పాడు. ఆమె ఏరడం ఆపలేదు.

"అబద్ధమే గదా. సెప్పీ."

"అది అబద్ధం కాదే. నేరం ఒప్పుకోడం."

"మరి బోటెక్కగలవా?" మోకాళ్ల వైపు చూసింది. "నా ఎండుసేపల తట్ట ఇద్దర్ని మొయ్యదు. ఆ దుకానం నీకొద్దంటే సెప్పు, నీ సొర ఏమైనా కూడు తెస్తాదేమో సూద్దుం."

సూరయ్యకి నవ్వు రాలేదు. ఆమెకీ రాలేదు.

*

సోమవారం పదకొండు గంటలకి వ్రతం కథ అయిపోయింది. హాలు నిండా జనం. ప్రసాదం చేతుల్లో పెట్టుకుని అందరూ గూటివైపే చూస్తున్నారు. పాతిక అంగుళాల మీద దొర పెత్తనం చేస్తోంది, మిగతా ఎనిమిది అంగుళాల్లో తల్లిచేప ఊపిరాడక ఉంది.

"ఏదిరా, చెప్పు అందరికీ," అన్నాడు గణపతిరావు.

సూరయ్య గుమ్మం పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతను నోరు తెరిస్తే జనం మొహాలు నవ్వడానికి సిద్ధమైపోవడం అతనికి అలవాటు. ఇప్పుడలా లేవు.

"నీళ్లలో మందు ఏస్తాం బాబూ, బ్లీచింగు పోడానికి. ఆ మందు ఎయ్యడం మరిసిపోయినాను. అందుకు సచ్చిపోనాయి."

అతను ఆగాడు. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాడు. ఎవరో ఒకరు, గంజి కూడా మరిచిపోయావేటి అనొచ్చు గదా. అనలేదు. అందరూ తల ఊపారు. ముప్పై ఏళ్లుగా అతను చెప్పిన కథల్లో లైటుహౌసు మీద నిద్రలేచిన మావగారినీ, గాలికి ఊడిపోయిన బావమరిది మీసాన్నీ ఎవరూ నమ్మలేదు. ఇది మాత్రం పలికీ పలక్కముందే నమ్మేశారు.

"నాకు ఆవేళే అనుమానం," అన్నాడో పెద్దాయన. "తొట్టె దగ్గరికెళ్తే గుప్పున బ్లీచింగు వాసన." ఆ పెద్దాయన ఆ ఉదయమే విజయనగరంలో బస్సెక్కి ఇక్కడ దిగాడు. అది మొదటిసారి ఆ ఇంటికి రావడం.

"చూశావా," అంది అనూరాధ భర్తతో, "కొలత తప్పదన్నానా లేదా?"

హరిబాబు ఓ మూల నిలబడి ప్రసాదం తింటున్నాడు. తలెత్తలేదు.

"ఆ పసుపుది కూడా తేలిపోయింది. తీసెయ్యి," అన్నాడు గణపతిరావు. "మిగిలిన ఆ ఒక్కటీ చాలు. ఇంకెప్పుడూ ఈ తొట్టెలో చెయ్యి పెట్టకు."

తల్లిచేప ఫిల్టరు గొట్టం సందులోంచి జారి పక్కకి ఒరిగిపోయి ఉంది. సూరయ్య వలతో అందుకున్నాడు. మొప్ప ఒక్కసారి కదిలింది, మరి కదల్లేదు. ఓ చెంబు తొట్టె నీళ్లు ముంచుకుని వెనక దొడ్లోకి నడిచాడు.

కుళాయి గట్టు మీద చెంబు పెట్టి, చేపని నీళ్ల మీద ఎడం అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టాడు. రెక్కలు చీలికలైపోయాయి. పొట్ట వీపుకంటుకుపోయింది. దవడ మాత్రం గట్టిగా, పిడికిలిలా మూసుకుని ఉంది. అన్ని దెబ్బలు తింటూ ఒక్కసారి కూడా నోరు తెరవలేదన్నమాట. సూరయ్య బొటనవేలి గోటిని పెదవి సందులో పెట్టి, తీరంలో చేప తాజాదనం చూసేటంత మెల్లిగా, కిందికి నొక్కాడు.

ఒకటి వచ్చింది. బియ్యపుగింజంత. వెనకాలే రెండు. తరవాత ఒక్కసారిగా బిలబిలమంటూ చెంబులో పడ్డాయి. పడ్డవి పడ్డట్టే అడుక్కి పోయి ఓ గుంపు కట్టాయి. కళ్లు తప్ప ఏమీ లేని పిల్లలు.

వెనక ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. అర్చన. పట్టులంగా ఎత్తి పట్టుకుని, చెంబులోకి వంగి ఉంది.

"నిజమే," అంది. "తాతా, నిజమే!"

అతను వద్దనేలోగా లోపలికి పరుగెత్తింది. దొడ్లోకి ఆ గొంతు స్పష్టంగా వినబడింది. "నాన్నా! నోట్లో పిల్లలున్నాయి! నేను చూశాను! తొట్టె చిన్నదైపోయే చచ్చిపోయాయి నాన్నా, తాత ముందే చెప్పాడు!" ఒక్క క్షణం తరవాత హాలంతా నవ్వింది. పోయిన సోమవారం దుకాణంలో నవ్విన నవ్వే, ఇంకొంచెం పెద్దది. "ముసిలోడు దీనికీ ఎక్కించేశాడే!" అని గణపతిరావుగారి గొంతు. "రేపు సొర కూడా చూశానంటుంది!"

ఆ పిల్ల తిరిగొచ్చింది. నడిచే వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నమ్మలేదు తాతా."

"మరే."

"రా, నువ్వొచ్చి చూపించు."

సూరయ్య చెంబులోకి చూశాడు. లోపలికి తీసుకెళ్లి గణపతిరావు ముందు పెట్టొచ్చు. అప్పుడు మందు మరిచిపోయానన్నది ఏమవుతుంది? హరిబాబు ఏమవుతాడు? తన పని ఏమవుతుంది?

"నాకేదైనా డబ్బా ఒకటి తే తల్లీ," అన్నాడు.

ఆమె స్కూలుకి తీసుకెళ్లే స్టీలు బాక్సు తెచ్చింది. అతను నీళ్లతో సహా పిల్లల్ని అందులోకి ఒంపాడు. తల్లిని దొడ్లో కరివేపాకు మొక్క మొదట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని, బాక్సు పట్టుకుని హాల్లోంచి బయటికి నడిచాడు. అనూరాధ చుట్టాలకి తొట్టె చూపిస్తోంది. దొర ఈ చివర్నించి ఆ చివరికి తీరిగ్గా వెళ్తోంది, వస్తోంది. తరమడానికి ఎవరూ లేరు.

"ఇప్పుడు చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో. సిద్ధాంతిగారి మాటంటే మాటే. తొట్టె సరిగ్గా సరిపోయింది."

*

దుకాణం దగ్గరికొచ్చి చెప్పులు విడిచి మెట్టెక్కబోతే హరిబాబు బయటికొచ్చి మెట్టు మీదే నిలబడ్డాడు. అతనూ అప్పుడే వచ్చినట్టున్నాడు, నుదుట కుంకుమ ఇంకా తడిగా ఉంది.

"నాలుగు రోజులు ఇంటి దగ్గరుండు సూరయ్యా."

"నాలుగు రోజులు పోయాక రమ్మంటావా?"

హరిబాబు రోడ్డు వైపు చూశాడు.

"బజారంతా తెలిసిపోయింది. దారిలోనే ముగ్గురు అడిగారు. నీళ్లు మార్చడం రానివాణ్ని ఎలా పెట్టుకున్నావని. నేనేం చెప్పను?"

"నిజం సెప్పు."

"నువ్వే కదా చెప్పావు నిజం," అన్నాడు హరిబాబు. అనేశాక అతనికే ఎలాగో అనిపించినట్టుంది, సూరయ్య భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా తీసేసుకున్నాడు. "కబురు పెడతాలే."

ఎల్లాజీ మిషను తొక్కుతున్నవాడు తొక్కుతున్నట్టే ఉన్నాడు. "మావా" అనలేదు. అతనూ నమ్మాడు.

పోలాకి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బాక్సుని ఒళ్లో పెట్టుకుని, గాలాడటానికి మూత ఓరగా ఉంచి, ఆ సందులో బొటనవేలు అడ్డం పెట్టాడు. ఇంటి దగ్గర బోర్లించిన ఐసుపెట్టె గుర్తొచ్చింది. పొడవు మూడు మూరల పైచిలుకు. కొలవక్కర్లేదు, ఎన్నేళ్లు మోశాడో. దాన్ని వెల్లకిలా తిప్పి, ఒడ్డు మీది రాళ్లు పేర్చాలి. కన్యాకుమారి కూచోడానికి ఇంకోటేదైనా చూడాలి.

కండక్టరు శివాజీ టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. రోజూ ఈ బస్సులో ఓ కథ వినందే అతను సూరయ్యని దిగనివ్వడు.

"ఏటి తాతా, ఇయ్యేల కబుర్లు నేవా? బాక్సు మూత సరిగ్గా పెట్టుకో, ఒలికిపోద్ది. ఏటుంది అందులో?"

సూరయ్య అతని మొహంలోకి చూశాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహం. చచ్చిపోయిన చేప నోట్లోంచి బతికున్న పిల్లల్ని తీసి, ఇస్కూలు పిల్ల అన్నం బాక్సులో పెట్టుకుని పోతున్నానని చెప్పొచ్చు. బస్సంతా పగలబడి నవ్వుతుంది. అతను చెప్పిన కథల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు.

"గంజి," అన్నాడు. "ఏడిగుంది. అందుకే మూత పెట్టనేదు."

"అలాగా," అన్నాడు శివాజీ. టిక్కెట్టు చింపి ఇచ్చి వెనక సీటుకి వెళ్లిపోయాడు.

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు అటూ ఇటూ ఊగి, లోపల ఏవో మెత్తగా అతని బొటనవేలికి తగులుతున్నాయి. ఎన్నున్నాయో అతను చూడలేదు. వల ఒడ్డుకి చేరకముందు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టకూడదు.